జర్మనీ శిబిరాల్లో ఒక హైదరాబాదీ: ఆజాద్ హింద్ వాలంటీర్ల శిక్షణ

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సుభాష్ చంద్రబోస్ జర్మనీలో కూడగట్టిన భారతీయ దళాన్ని ఆజాద్ హింద్ లెజియన్ అంటారు. అందులో రెండు రకాల మనుషులు చేరారు. జర్మనీలో చదువుకుంటున్న భారతీయ విద్యార్థులు కొందరు. ఉత్తర ఆఫ్రికా యుద్ధరంగంలో బ్రిటిష్ పక్షాన పోరాడి పట్టుబడిన సిపాయిలు మిగతావారు. ఈ రెండు వర్గాలనూ కలిపే పని చేసినవారిలో హైదరాబాదుకు చెందిన ఆబిద్ హసన్ ముఖ్యులు.

ఆబిద్ హసన్ 1911లో హైదరాబాదులో పుట్టారు. తల్లి ఫక్రుల్ హాజియా గాంధీజీ బాటలో నడిచిన జాతీయవాది. హసన్ కూడా కొంతకాలం సబర్మతి ఆశ్రమంలో గడిపి, తర్వాత ఇంజనీరింగ్ చదవడానికి జర్మనీ వెళ్లారు. 1941 ఏప్రిల్‌లో బోస్ బెర్లిన్ చేరారు. ఆ తర్వాత హసన్ చదువు పక్కనపెట్టి ఆయనకు కార్యదర్శిగా కుదిరారు.

1941 డిసెంబరు చివర్లో పదిహేను మంది దాకా వాలంటీర్లు సాక్సనీలోని ఫ్రాంకెన్‌బర్గ్‌లో శిక్షణ మొదలుపెట్టారు. యుద్ధఖైదీలు అన్నాబర్గ్ శిబిరంలో ఉండేవారు. వారిని ఒప్పించడం అంత తేలిక కాలేదు. బ్రిటిష్ రాజు పేరిట ప్రమాణం చేసినవాళ్లు, ఇంటి దగ్గర కుటుంబాలు తమ జీతం మీదే బతుకుతున్నవాళ్లు వెనకాడారు. హవల్దార్లు, నాయక్‌లలో చాలామంది ఎదురు తిరిగారు. బ్రిటిష్ సైన్యంలో సంపాదించుకున్న హోదా ఇక్కడ చెల్లకపోవడం కూడా అందుకు ఒక కారణం. అయినా దళం పెరిగింది. 1942లో శిక్షణ డ్రెస్డెన్ దగ్గరి కోనిగ్స్‌బ్రూక్‌కు మారింది. తర్వాత సంఖ్య రెండు వేలు దాటింది.

బ్రిటిష్ భారత సైన్యంలో కంపెనీలను మతం, కులం, ప్రాంతం వారీగా విడదీసేవారు. సిక్కుల కంపెనీ వేరు, రాజపుత్రుల కంపెనీ వేరు, పంజాబీ ముస్లింలది వేరు. వంటశాలలూ అలాగే వేరుగా ఉండేవి. లెజియన్‌లో ఈ పద్ధతిని కావాలనే తీసేశారు. చిన్న చిన్న విభాగాల్లో సైతం హిందువులు, ముస్లింలు, సిక్కులు కలిసే ఉండేవారు, కలిసే తినేవారు. దళానికి ఉమ్మడి భాష హిందుస్తానీ. శిక్షణ ఇచ్చే అధికారులు జర్మన్లు కావడంతో జర్మన్ వచ్చిన విద్యార్థులు దుబాసీలయ్యారు. యూనిఫాం జర్మన్లదే, సిక్కులు మాత్రం తలపాగా కట్టేవారు. భుజం మీది బిళ్లలో మూడు రంగులపై దూకే పులి బొమ్మ ఉండేది.

పలకరింపు దగ్గర కూడా చిక్కు వచ్చింది. సిపాయిలు ఎవరి అలవాటు ప్రకారం వారు ‘రామ్ రామ్’ అనో, ‘సత్ శ్రీ అకాల్’ అనో, ‘సలామ్ అలైకుమ్’ అనో అనుకునేవారు. అందరి నోటా పలికే మాట ఒకటి కావాలి. ‘జై హింద్’ అలా వచ్చిందని, దాన్ని సూచించింది హసనేనని పలువురు చరిత్రకారులు రాశారు. బోస్ దాన్ని దళం వందనంగా ఖాయం చేశారు.

1943 ఫిబ్రవరిలో బోస్, హసన్ ఆసియాకు వెళ్లడానికి కీల్ రేవులో యు-180 జలాంతర్గామి ఎక్కారు. లెజియన్‌లోని సిపాయిలకు ఈ సంగతి తెలియనివ్వలేదు. ఇరుకైన లోపలి భాగమంతా డీజిల్ కంపు. రొట్టెలకూ అదే వాసన. హసన్ వెతికి పట్టుకున్న బియ్యం, పప్పుతో ఖిచిడీ వండి పెట్టేవారు. బోస్ జర్మన్ అధికారులనూ తినడానికి పిలుస్తుంటే, ఉన్న సరుకు కాస్తా అయిపోతుందని హసన్ బెంగ. మిగతా వేళల్లో బోస్ చెబుతుంటే రాసుకోవడం, టైపు చేయడం ఆయన పని. ఏప్రిల్ చివర్లో మడగాస్కర్ సమీపంలో, ఎగసిపడే సముద్రంలో రబ్బరు తెప్ప మీద ఇద్దరూ జపాన్ జలాంతర్గామి ఐ-29కు మారారు.

వారు సింగపూర్ చేరాక, జర్మనీలో పాటించిన పద్ధతులే అక్కడ బోస్ నడిపిన ఆజాద్ హింద్ ఫౌజుకూ నియమాలయ్యాయి. ఉమ్మడి వంటశాల, రోమన్ లిపిలో నేర్పే హిందుస్తానీ, జై హింద్ వందనం అక్కడా సాగాయి. మలయా రబ్బరు తోటల్లో పనిచేసే దక్షిణాది కూలీలు వేల సంఖ్యలో చేరడంతో భాష పాఠాల అవసరం ఇంకా పెరిగింది. ‘జనగణమన’ ఆధారంగా వచ్చిన హిందుస్తానీ గీత రచనలో హసన్‌కూ భాగముంది. సింగపూర్‌లోని చెట్టియార్ల గుడికి బోస్‌ను ఆహ్వానించినప్పుడు, అన్ని కులాల, మతాల వారినీ రానిస్తేనే వస్తానని ఆయన షరతు పెట్టారు. గర్భగుడి దాకా వెంట వెళ్లినవారిలో హసన్ ఉన్నారు.

జర్మనీలో మిగిలినవారి కథ వేరేగా నడిచింది. 1943లో లెజియన్‌ను హాలండ్ తీరానికి తరలించబోతే కొందరు కదలమన్నారు. వారికి శిక్షలు పడ్డాయి. తర్వాత దళాన్ని ఫ్రాన్స్‌కు పంపారు. 1944లో అది నాజీల సాయుధ విభాగమైన వాఫెన్ ఎస్‌ఎస్ అధీనంలోకి వెళ్లింది. యుద్ధం ముగిసేసరికి సిపాయిలు మిత్రరాజ్యాల చేతికి చిక్కి ఇండియా చేరారు.

ఇక హసన్ ఆజాద్ హింద్ ఫౌజు తరఫున ఇంఫాల్ పోరులో పాల్గొన్నారు, ఆపై బ్రిటిష్‌వారి నిర్బంధంలో ఉన్నారు. స్వాతంత్ర్యం తర్వాత విదేశాంగ సేవలో చేరి, డెన్మార్క్‌లో రాయబారిగా పనిచేశారు. ఉద్యోగ విరమణ చేసి హైదరాబాదులో స్థిరపడి, 1984లో కన్నుమూశారు. బోస్ కుటుంబంతో ఆయన స్నేహం బంధుత్వంగానూ మారింది: ఆయన అన్న కూతురు, చేనేత పునరుద్ధరణతో పేరుపొందిన సురయ్యా హసన్, సుభాష్ సోదరుని కొడుకు అరవింద బోస్‌ను పెళ్లాడారు.