ఆశీలు చీటీ వెనక 780 ఏళ్ల కథ



మాచర్ల, గురజాల, నరసరావుపేట వైపు తాండాల నుంచి, కాలనీల నుంచి చదువుకోడానికి వచ్చినోళ్లం మనం. సంతలో మన అమ్మలు బుట్ట దించగానే చేతిలో ఆశీలు చీటీ పడుతుంది. అప్పటికి ఒక్క కాయ కూడా అమ్ముడుపోయి ఉండదు. అదే రోజు పేపర్లో ఏదో పెద్ద కంపెనీకి పన్ను రాయితీ అని వార్త. పన్ను తగ్గిస్తేనే వ్యాపారం వస్తుందంటారు. ఈ మాట చాలా పాతది. మరి ఆ రాయితీ ఎప్పుడు ఎవరికి దక్కింది? అది చూద్దాం.

బాపట్ల జిల్లా చినగంజాం దగ్గర సముద్రం ఒడ్డున మోటుపల్లి ఉంది. అంతకుముందు రాజులు, తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా లాక్కునేవాళ్లు. కాకతీయ గణపతిదేవుడు 1244-45లో అభయ శాసనం వేయించి ఆ పద్ధతి ఆపేశాడు. సరుకులో 30వ వంతు సుంకం కడితే చాలన్నాడు. తర్వాత మన జిల్లాలోనే ఉన్న కొండవీడు నుంచి ఏలిన అనవోతారెడ్డి 1358లో అక్కడే మళ్లీ శాసనం వేయించి, వచ్చి స్థిరపడే వర్తకులకు రాయితీలిచ్చాడు. ఎంత కట్టాలో రాతి మీద అందరికీ కనపడేలా ఉండటం వల్ల వర్తకుడికి ధైర్యం వచ్చింది.

ఓడరేవు నుంచి లోపలి ఊళ్లకు సరుకు ఎవరు మోశారు? మనోళ్లే. సుగాలీలు ఎద్దుల బిడారుల మీద ఉప్పు, ధాన్యం మోశారు. తాండా అనే మాటకు మొదటి అర్థం ఆ బిడారే. ఎరుకలవాళ్లు కూడా ఎద్దుల మీద, గాడిదల మీద ఉప్పు తీసుకెళ్లి ధాన్యానికి మార్చేవాళ్లు. టిప్పు సుల్తాన్‌తో యుద్ధాల్లో కంపెనీ సైన్యానికి తిండిగింజలు చేర్చింది కూడా లంబాడీల ఎద్దులే.

1805లో కంపెనీ మద్రాసు రాజధానిలో ఉప్పును తన గుత్తాధికారంలోకి తీసుకుంది. 1844లో ఊరూరా వసూలు చేసే సాయరు సుంకాలు రద్దు చేసింది. వర్తకులకు మంచి రాయితీయే. కానీ ఆ లోటు పూడ్చడానికి గరిసె ఉప్పు ధరను 105 రూపాయల నుంచి 180కి పెంచింది. అదే ఏడాది 120కి తగ్గించినా పాత ధర మళ్లీ రాలేదు. అంటే వర్తకుడికిచ్చిన రాయితీని గంజిలో ఉప్పేసుకునే ప్రతివాడూ కట్టాడన్నమాట. తర్వాత రైళ్లొచ్చి ఎద్దుల పని పోయింది. పని పోయి తిరిగేవాళ్లను దొంగలన్నారు. నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసుకూ వచ్చింది. ఎరుకలవాళ్లను స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టారు. దేశమంతటా ఆ ముద్ర పోయింది 1952 ఆగస్టు 31న.

ఇప్పటి సంగతికొద్దాం. 2014 విభజన చట్టం 94వ సెక్షన్ పన్ను ప్రోత్సాహకాల గురించి చెబుతుంది. ఆ తర్వాత ఆదాయపు పన్ను చట్టంలో, వెనకబడిన జిల్లాల్లో ఫ్యాక్టరీ పెట్టి కొత్త యంత్రాలు కొంటే 15 శాతం అదనపు మినహాయింపు తెచ్చారు; అది 2020 మార్చి వరకు ఉండేది. ఆంధ్రలో 7 జిల్లాలకు దక్కింది. రాయలసీమ 4, ఉత్తరాంధ్ర 3. అప్పటి గుంటూరు జిల్లా లేదు కాబట్టి మన పల్నాడూ లేదు. ఉన్నా ఏం లాభం ఉండేది? ఆదాయపు పన్ను కట్టేంత ఆదాయమే లేని బుట్ట వ్యాపారికి ఆ మినహాయింపుతో పనేముండేది?

కంపెనీలు రావద్దని మేం అనడం లేదు. మనకూ ఉద్యోగాలు కావాలి. కానీ ఒకరికి తగ్గించింది ఇంకొకరి నెత్తిన పడుతుందా అని అడగాలి. 1844 నేర్పే పాఠం అదే.

మనం చేయగలిగిందీ ఉంది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వ్యాపారులే ఉండాలి. వాళ్లలో మూడో వంతు మహిళలు ఉండాలి. ఎస్టీలకూ తగిన చోటివ్వాలి. సెలవులకు ఊరెళ్లినప్పుడు మీ మున్సిపాలిటీలో ఆ కమిటీ ఉందా, మనోళ్లెవరైనా ఉన్నారా కనుక్కోండి. సంత గేటు దగ్గర ఆశీలు రేట్ల బోర్డు పెట్టమని, బుట్ట వ్యాపారులకు మినహాయించమని అర్జీ రాయండి. ఓడలో వచ్చినోడి కోసం రాతి మీద రాయించిన ఊళ్లు మనవి. బుట్టతో వచ్చిన అమ్మ కోసం ఒక బోర్డు రాయించలేమా?