మైక్రోఫిస్ కంకలస్

తూర్పు తీరపు నదీముఖాల్లో, ఉప్పునీరు తగ్గే ఎగువ పాయల్లో బతికే సన్నని పైప్‌ఫిష్. సముద్రపు గుర్రాలున్న సింగ్నాథిడే కుటుంబానిదే. భారత్, బంగ్లాదేశ్, శ్రీలంకల్లో ఉంది. పూర్తిగా ఎదిగినా జానెడు ఉండదు.

1822లో గంగానది చేపల గ్రంథంలో ఫ్రాన్సిస్ హామిల్టన్ దీన్ని సింగ్నాథస్ కంకలస్‌గా వర్ణించాడు. ఆయన తొలి ఇంటిపేరు బుకానన్ కావడంతో పాత జాబితాల్లో ఒకే రచయిత రెండు పేర్లతో కనిపిస్తాడు. 1815లో స్వదేశానికి వెళ్లేటప్పుడు, ప్రభుత్వం అనుమతించకపోవడంతో తాను గీయించిన బొమ్మలను కలకత్తాలోనే వదిలిపోయాడు. ఆయన చేపల్లో కొన్నిటి గుర్తింపు చాలాకాలం తేలకపోవడానికి ఇదొక కారణం కావచ్చు. ఫ్రాన్సిస్ డే (1875–78) ఈ జాతిని డోరిఇక్తిస్‌లో చేర్చాడు. సి.ఇ. డాసన్ 1985 నాటి ఇండో-పసిఫిక్ సమీక్షలో మైక్రోఫిస్‌లో ఉంచాడు. ఎన్నో మ్యూజియంల నమూనాలను పోల్చి చూసినవాడు కనుక ఇక్కడ డాసన్‌నే అనుసరించాం.

ఒంటిమీద పొలుసులుండవు, అస్థివలయాలుంటాయి. జీర్ణాశయం లేదు, కాబట్టి తరచూ తింటూనే ఉండాలి. గొట్టంలాంటి మూతితో చిన్న క్రస్టేషియన్లను నీటితో సహా పీల్చుకుంటుంది. నోట్లో పళ్లుండవు. ఆడచేప పెట్టిన గుడ్లను మగచేప పొట్ట అడుగున మోస్తుంది. ఇవే నీళ్లలో దొరికే మరో పైప్‌ఫిష్ ఇక్తియోకాంపస్ కార్సేలో మగచేప గుడ్ల సంచి తోక కింద ఉంటుంది. గుడ్లతో ఉన్న మగచేప దొరికితే ఈ రెండిటినీ వేరుచేయడానికి ఇంతకంటే నమ్మకమైన గుర్తు అక్కర్లేదు.

మైక్రోఫిస్ ప్రజాతిలోని కొన్ని జాతుల పిల్లలు మంచినీటిలో పుట్టి, ప్రవాహంతో ఉప్పునీటికి చేరి ఎదుగుతాయి. పెద్దయ్యాక తిరిగి ఎగువకు వస్తాయి. కంకలస్‌దీ ఇదే పద్ధతి అయితే రాకపోకలకు తెరిచి ఉన్న నీటిదారి దానికి ప్రాణాధారం. కోరింగ మడ అడవుల పాయలు, కొల్లేటి నుంచి సముద్రానికి పోయే ఉప్పుటేరు, పులికాట్ వంటివి ఇలాంటి చేపలకు అనువైన చోట్లు. అయితే ఇలాంటి నీటిదారులకు ఎగువన అడ్డుకట్టలు పడ్డాయి: గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, కృష్ణపై విజయవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. హైదరాబాదు గుండా పారే మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది గానీ, మధ్యలో ఇన్ని అడ్డుకట్టలుండగా నగరపు చెరువుల్లో దీన్ని వెతకడం వృథా.

2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేరింది సముద్రపు గుర్రాలొక్కటే కాదు, సింగ్నాథిడే కుటుంబం మొత్తం. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలో మాత్రం సముద్రపు గుర్రాలకే చోటుంది. వలలో చిక్కిన పైప్‌ఫిష్‌ను, ముఖ్యంగా గుడ్లు మోస్తున్న మగచేపను, ఎండు చేపల కుప్పలో వేయకుండా ప్రాణంతో నీటిలో వదిలేయాలి.