పిడుగుకి దారి

మొన్న వానల్లో మంచిర్యాలలో మా మామ కొట్టు దగ్గర పిడుగు పడి సీసీ కెమెరాల డీవీఆర్ పోయింది. అప్పటికే గల్లాలో డబ్బు తక్కువైందని పనిచేసే అబ్బాయి మీద అనుమానం. తేల్చాల్సిన వీడియో అందులోనే ఉంది మరి!

ఉరిమితే మా అమ్మమ్మ అర్జునుడి పేర్లు తలుచుకునేది. ఫ్రాంక్లిన్ ఇంకో ఉపాయం చెప్పాడు. ఆయన రాసింది చదివి 1752 మేలో పారిస్ దగ్గర డాలిబార్ ఇనుప కడ్డీ నిలబెట్టించి, మేఘాల్లో ఉన్నది కరెంటేనని చూపించాడు. పిడుగుని ఆపలేం, భూమిలోకి దారి ఇవ్వగలం. అంతే.

మరి మనమేం చేశాం? 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రత చట్టం జనం ఎక్కువగా వచ్చే చోట్ల కెమెరాలు తప్పనిసరి చేసింది. చూసి చిన్న కొట్లవాళ్ళూ పెట్టించుకున్నారు. మామ కూడా డాబా మీద ఇనుప గొట్టానికి కెమెరా కట్టించాడు, ఎర్తింగ్ లేకుండా. ఇక పిడుగుకి దారి డీవీఆరే!

మూత తీస్తే కెమెరా తీగలు వచ్చే చోట చిప్ మాడిపోయి ఉంది. హార్డ్ డిస్క్ మాత్రం బతికింది. అదే మోడల్ పాతది వెతికి అందులో పెట్టాను (వేరే రకమైతే ఫార్మాట్ చేయమని అడగొచ్చు, జాగ్రత్త). చూస్తే ఏముంది, డబ్బు తీసి సరుకు బండి అతనికిచ్చింది మామే! మర్చిపోయాడు.

మర్నాడు మామ ఆ అబ్బాయిని పిలిచి "తప్పు నాదే బిడ్డా" అన్నాడు. తర్వాత ఇద్దరూ కలిసి ఎర్తింగ్ గుంత తవ్వారు.