అసలు మరచినా కొసరు మరువం

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాయమని కార్యదర్శిగారు రెండుసార్లు ఫోను చేశారు. రాజుల గురించి, యుద్ధాల గురించి వ్రాయగల పాండిత్యం నాకు లేదు. 1972 నుండి 2008 వరకు ముప్పయ్యారేళ్లు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. కనుక లెక్కకు పైన ఇచ్చే చిన్న వస్తువు గురించి, అంటే కొసరు గురించి, నాకు తెలిసిన నాలుగు మాటలు మనవి చేస్తాను.

కొసరు అంటే మన వయసు వారికి వేరే చెప్పనక్కరలేదు. పాలమ్మి కొలత పాత్రతో పోసిన తర్వాత చెంబులో మరికాస్త వంచేది. వంకాయలు తూచిన తర్వాత కూరగాయలవాడు సంచిలో రెండు రెబ్బలు కరివేపాకు పడవేసేవాడు. ఇంట్లో ఆడవారు ఆ కరివేపాకు చూసి మరునాడు కూడా ఆ బండినే పిలిచేవారు. తూకంలో తేడా వస్తే తగాదా పెట్టుకున్న ఇల్లాలే, అడగకుండా ఇచ్చిన కరివేపాకుకు మెత్తబడేది. భోజనాల దగ్గర కూడా కొసరి కొసరి వడ్డించిన ఇంటినే కదా మనం చెప్పుకునేది.

ఈ కొసరును పెద్దయెత్తున ఆచరించి చూపిన తెలుగువారు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. ఆయన 1867లో కృష్ణా జిల్లా ఎలకుర్రు గ్రామంలో జన్మించారు. 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ ప్రారంభించారు. అప్పటికి ఆ పేరు ఎవరికీ తెలియదు. తలనొప్పికి శొంఠి గంధమో, మిరియాల పట్టో వేసుకునే జనం సీసాలోని పచ్చటి లేపనాన్ని ఎందుకు కొంటారు? పంతులుగారు సంగీత కచేరీలకు వచ్చిన శ్రోతలకు దానిని ఉచితంగా పంచిపెట్టారు. అక్కడ రాసుకున్నవారు తర్వాత అంగడికి వెళ్లి పేరు చెప్పి అడిగారు. ఆ పసుపు రంగు సీసా మన పెట్టెల్లోకి, ప్రయాణపు సంచుల్లోకి ఆ విధంగా చేరింది. నూట ముప్పయి ఏళ్లు దాటినా నేటికీ దొరుకుతున్నది.

ఇది వ్యాపార యుక్తి మాత్రమే కదా అని ఎవరైనా అనవచ్చు. అక్కడితో ఆగి ఉంటే నేనూ అదే అనేవాణ్ణి. పంతులుగారు 1908లో బొంబాయి నుండే ఆంధ్రపత్రికను వారపత్రికగా తెచ్చారు. 1914లో మద్రాసు నుండి దినపత్రికగా నడపడం మొదలుపెట్టారు. వార్తాపత్రిక బాధ్యత వార్తలతో తీరిపోతుంది. ఆయన మాత్రం ఉగాది ప్రత్యేక సంచికలలో సాహిత్యం, చరిత్ర, కళలు, చిత్రాలు నింపి పాఠకులకు అందించారు. నిన్నటి పేపరు పచారీ కొట్టుకు పోయేది గాని, ఉగాది సంచికను ఎవరూ పారవేసేవారు కారు. మా నాయనగారి పెట్టెలో అటువంటి సంచికలు రెండు అట్టలు కట్టించి ఉండేవి. వాటిని ముట్టుకోవాలంటే మేము చేతులు కడుక్కొని రావలసిందే.

1924లో భారతి మాసపత్రిక, 1926లో ఆంధ్రగ్రంథమాల వచ్చాయి. పాల్కురికి సోమనాథుని బసవపురాణం వంటి ప్రాచీన గ్రంథాలు ఆ మాలలో అచ్చయి, సామాన్యుడు కొనగలిగే వెలకు దొరికాయి. అమృతాంజనం మీద వచ్చిన రాబడి పత్రికకు, పుస్తకాలకు, గ్రంథాలయోద్యమానికి, అడిగినవారి అవసరాలకు ఖర్చయింది. జనం ఆయనను దేశోద్ధారక అన్నారు, విశ్వదాత అన్నారు. 1938లో ఆయన కాలం చేశారు. ఆంధ్రపత్రిక 1991 వరకు నడిచింది. కచేరీలో అరచేతిలో పెట్టిన చిటికెడు మందుకూ, పల్లెలోని చదువరికి అందిన పుస్తకానికీ వెనుక ఉన్న బుద్ధి ఒకటేనని నా నమ్మకం. ముందు తాను ఇవ్వాలి, ఇచ్చినది చేతిలోవాడికి నిజంగా పనికిరావాలి. పనికిరానిది ఊరికే ఇస్తే జనం పుచ్చుకుంటారు గాని తిరిగి రారు.

ఇక్కడ ఒక తేడా చెప్పాలి. మన ఆఫీసుల్లో కొసరుకు పైకి చుట్టంలా కనిపించే మాట ఒకటి ఉండేది. అది మామూలు. రెండూ లెక్కకు పైనే. అయితే కొసరు ఇచ్చేవాడి మనసులో పుడుతుంది, మామూలు పుచ్చుకునేవాడి నోట పుడుతుంది. నేను మామూలు ముట్టలేదు. కాని కొసరు ఇచ్చానా అంటే, మొదట్లో ఇవ్వలేదు. ఒక బిల్లులో మూడు లోపాలుంటే ఒక కొర్రీ వేసి పంపేవాణ్ణి. సరిచేసుకొని వచ్చాక రెండోది వేసేవాణ్ణి. నిబంధన ప్రకారం నా తప్పు లేదు. ఒకనాడు మా హెడ్ గుమాస్తాగారు పిలిచి, "ఏమయ్యా, ఆ మూడూ ఒక్క కాగితం మీద వ్రాస్తే నీ సిరా ఎంత అయిపోతుంది?" అన్నారు. ఆ రోజు నుండి అలాగే వ్రాశాను. అంతకు ముందు తిప్పినవారి ముఖాలు మాత్రం నేటికీ గుర్తున్నాయి.

ఇక నా సొంత సంగతి. 2008లో పదవీ విరమణకు ముందు పెన్షన్ కాగితాలకు భార్యాభర్తల జాయింటు ఫొటో కావాలన్నారు. మా వీధి చివర స్టూడియోకు వెళ్లాము. ఆరు కాపీలు చెప్పాను. ఇద్దరం బిగుసుకుపోయి కూర్చున్నాము. తీయడం అయిపోయి లేవబోతుంటే స్టూడియో అబ్బాయి, "ఒక్క నిమిషం కూర్చోండమ్మా, ఆయన పెన్షన్‌లో సగం మీకే అనుకోండి" అన్నాడు. మా ఆవిడ ఫక్కున నవ్వింది. ఆ నవ్వులో ఇంకొకటి తీశాడు. సాయంత్రం ఆరు కాపీలతోపాటు పెద్ద సైజు ఫొటో ఒకటి కవరులో పెట్టాడు. డబ్బు తీయబోతే, "ఇది ఆఫీసుకు కాదండీ, ఇంటికి" అన్నాడు.

పెళ్లినాటి ఫొటో తర్వాత మేమిద్దరం పక్కపక్కన ఉన్న ఫొటో అదొక్కటే. 2019లో ఆమె నన్ను విడిచి వెళ్లింది. మా అబ్బాయి ఫోనులో వందల బొమ్మలున్నాయి. గోడమీద పెట్టుకోవడానికి మాత్రం ఆ నవ్వే దొరికింది. ఆమెను ఒక్కతెనూ వేరుచేసి చేయిద్దామని పిల్లలన్నారు, నేను వద్దన్నాను.

ఆ అబ్బాయికి దక్కినదేమిటంటారా? మా అమ్మాయి పెళ్లి, మనుమల అన్నప్రాసనలు, అక్షరాభ్యాసాలు అన్నీ అతని చేతి మీదుగానే జరిగాయి. రిటైరయిన మన మిత్రులను నలుగురిని నేనే అతని దగ్గరకు పంపాను. ఒక కాగితం ఖర్చు, ఒక నిమిషం ఓపిక, ఇంతే అతను పెట్టిన పెట్టుబడి. అయితే ఆనాడు అతను ఈ లెక్క వేసి ఉంటాడని నేననుకోను. వేసి ఉంటే ఆమె అలా నవ్వి ఉండేది కాదు.

మన సంఘం కార్యాలయానికి కొత్తగా రిటైరైనవారు, భర్తను పోగొట్టుకున్న అమ్మలు కాగితాలు పట్టుకొని వస్తుంటారు. ఫారం ఎక్కడ దొరుకుతుందో చెప్పడం మన విధి. పక్కన కూర్చొని నింపిపెట్టడం కొసరు. మంగళవారం ఉదయం నేను అక్కడే ఉంటాను. కళ్లజోడు, పెన్ను నావే.