పొగగొట్టముల నడుమ పక్షితీర్థములు

హైదరాబాదు నుండి ముంబయి వైపు సాగు జాతీయ రహదారిమీద రామచంద్రాపురము దాటి పటాన్‌చెరు, ఇస్నాపూర్, సంగారెడ్డి వరకు ప్రయాణము చేయువారికి ఇరుప్రక్కల కనబడునవి కర్మాగారముల ప్రహరీగోడలు, పొగగొట్టములు, బారులు తీరిన లారీలు, షిఫ్టు మారు వేళ గుంపులుగా నడచిపోవు కార్మికులు. ఈ తావున చూడదగిన వనమున్నదనియు, వినదగిన పక్షికూజితమున్నదనియు చెప్పినచో ఇచ్చట చిరకాలముగా కాపురమున్నవారు సైతము వెంటనే నమ్మజాలరు. కాని ఆ రహదారికి దాపుననే, దేశమునందలి జలాశయములలో ప్రప్రథమముగా జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటింపబడిన చెరువొకటియు, వేయి హెక్టార్లకు మించిన వైశాల్యమున రెండువందలకు పైబడిన పక్షిజాతులకు ఆశ్రయమైన పంటపొలముల ఆవరణమొకటియు, మరికొంత దూరమున మొసళ్ళు నివసించు నదీభాగమొకటియు నున్నవి. వీనిలో నేదియు పక్షుల కొరకు గాని, జంతువుల కొరకు గాని నిర్మింపబడినది కాదు. ఒకటి తోటకు నీరు పారించుటకై పుట్టినది. ఒకటి మెట్టపంటల పరిశోధనకై, మరియొకటి మహానగరపు దాహము తీర్చుటకై. మనుష్యుడు తన యవసరమునకై ఒక పనిని చక్కగా నెరవేర్చి, పిదప దానిని చెరుపక విడిచిన తావులందు ప్రకృతి తనంత తాను వచ్చి చేరినది. ఈ సీమ వన్యచరిత్ర యంతయు నదియే.

చెరువుతోడి బాంధవ్యము ఈ నేలకు నిన్న మొన్నటిది కాదు. క్రీ.శ. 1015 నుండి 1042 వరకు రాజ్యమేలిన పశ్చిమ చాళుక్య ప్రభువు జగదేకమల్ల రెండవ జయసింహుని కాలమున రాజధానీ గౌరవమందిన పొట్టలకెరె నేటి పటాన్‌చెరేయని చరిత్రకారులు నిర్ధారించినారు. అప్పటి జైనశిల్పములు ఈ పరిసరములందు లభించినవి. సంగారెడ్డికి సమీపమున నున్న కొండాపురము అంతకు వేయి యేండ్ల పూర్వపుది. నిజాము ప్రభుత్వ పురావస్తు శాఖవారు గులాం యజ్దానీ ఆధ్వర్యమున 1940వ సంవత్సరమున త్రవ్వకములు ప్రారంభింపగా, శాతవాహనుల నాణెములతో పాటు రోము చక్రవర్తి ఆగస్టసు బంగారు నాణెము సైతము ఆ దిబ్బలలో బయల్పడినది. ఆ కోటగడ్డమీద నేడు గడ్డియు పొదలును పెరిగి, ప్రాతఃకాలపు నడకకు అంతకంటె ప్రశాంతమైన తావు ఈ ప్రాంతమున లేదని నా విశ్వాసము.

నల్లరాతి బోడులు, మిట్టపల్లములు, నాలుగు నెలల వాన, ఎనిమిది నెలల ఎండ — ఇట్టి పీఠభూమిమీద రాజధానులు వెలయవలెనన్నను, పల్లెలు బ్రతుకవలెనన్నను కట్టలు కట్టి వాననీటిని నిలుపుట యొక్కటియే మార్గము. ఒక చెరువు నిండి మత్తడి దుమికిన నీరు వాగై ప్రవహించి దిగువ చెరువును చేరును. అది నిండి మరియొకదానిని నింపును. గొలుసుకట్టు చెరువులని మన పెద్దలు చెప్పునవి ఇవియే. పటాన్‌చెరు సాకి చెరువు, సంగారెడ్డి మహబూబ్‌సాగరము మొదలుకొని ఊరూర నుండు కుంటల వరకు అన్నియు ఈ విద్యకు సాక్ష్యములు.

వీనిలో కీర్తికెక్కినది అమీన్‌పూర్ పెద్దచెరువు. హుస్సేన్‌సాగరము నిర్మింపబడిన ఇబ్రహీం కుతుబ్‌షా పరిపాలనాకాలము (1550–1580) నాటిదని, ఒక విశాలమైన ఉద్యానవనమునకు నీరు పారించుటకై త్రవ్వింపబడినదని దీనినిగూర్చి చెప్పుదురు. ఆ తోట కాలగర్భమున కలిసిపోయినది, చెరువు మిగిలినది. పూర్వము దాదాపు మూడువందల యెకరములు విస్తరించి యుండెనని చెప్పబడు ఈ జలాశయము నేడు 93 ఎకరములకు కుదించుకొనిపోయి, చుట్టును బహుళాంతస్తుల భవనములు క్రమ్ముకొనగా, నడుమ చిక్కియున్నది. ఐనను శీతకాలము వచ్చునప్పటికి వలసపక్షులు దారి తప్పక వచ్చుచున్నవి.

ఆ పక్షులలో పెద్దరాజహంసను దగ్గరగా గమనించుట ఒక భాగ్యము. మోకాలిలోతు నీటిలో నిలిచి, పొడవైన మెడను క్రిందికి వంచి, శిరస్సును పూర్తిగా తలక్రిందులు చేసి, వంకర ముక్కుయొక్క పైభాగము అడుగునకు వచ్చునట్లు నీటిలో ముంచి ఆహారమును గ్రహించు పక్షి యది. నాలుకను ముందునకు వెనుకకు ఆడించుచు నీటిని లోనికి పీల్చి, ముక్కు అంచులనుండు సన్నని జల్లెడవంటి పొరలగుండ వెలుపలికి చిమ్మి, లోపల చిక్కిన సూక్ష్మమైన నాచును, పురుగులను మాత్రము మ్రింగును. దాని రెక్కల గులాబివన్నె సైతము ఆ యాహారమునుండి సంక్రమించినదే. ఇట్లు తినవలెనన్నచో నీరు లోతు తక్కువగా నుండవలెను. అడుగున మెత్తని బురద యుండవలెను. చెరువును సుందరీకరణము పేరిట లోతుగా త్రవ్వి, చుట్టును నిలువుగోడ కట్టి, దీపములు వ్రేలాడదీసినచో ఆ పక్షికి నిలువ నీడ యుండదు. ఈ సంగతి తెలియక సదుద్దేశముతోనే పలు చెరువులను మనము పాడు చేసికొనుచున్నామని నాకు బాధ కలుగును.

2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము విశిష్టమైన తావులను వారసత్వ స్థలములుగా ప్రకటించు అధికారము రాష్ట్ర ప్రభుత్వములకు సంక్రమించినది. 2007లో కర్ణాటకమందలి దేవనహళ్ళి చెంతనున్న నల్లూరు చింతతోపు ఆ గౌరవమును మొదట పొందినది. 2016 నవంబరులో తెలంగాణ ప్రభుత్వము అమీన్‌పూర్ చెరువును అట్లే ప్రకటించెను. ఒక నగరపు పొలిమేరలో, పారిశ్రామికవాడల చెంత, ఇండ్ల నడుమ నున్న చెరువునకు ఈ గుర్తింపు లభించుట దేశమున అదియే మొదలు.

ఇంటికి సమీపమున నున్న అడవిని, చెరువును దర్శించుట మనకు క్రొత్తగా ఎవరును నేర్పిన అలవాటు కాదు. బతుకమ్మ పండుగకు ముందు తంగేడు, గునుగు పూలకై ఆడపడుచులును పిల్లలును పొలిమేరల వెంట బీళ్ళలో తిరుగుదురు. దసరానాడు జమ్మిచెట్టు పూజ ముగించి పాలపిట్టను చూచి గాని ఇల్లు చేరరాదని ఊరెల్ల పొలములవైపు కదలును. కార్తీకమున ఉసిరిచెట్టు నీడను వనభోజనములు చేయుదురు. తంగేడుపూవు, జమ్మిచెట్టు, పాలపిట్ట నేడు తెలంగాణ రాష్ట్ర చిహ్నములు. పారిశ్రామికవాడ వెలసిన పల్లెలలో సైతము ఈ యాచారములు నిలిచియున్నవి. ఐతే తంగేడుకై పోవలసిన దూరము ఏటేట పెరుగుచున్నది.

పటాన్‌చెరు చెంతనున్న ఇక్రిశాట్ ఆవరణము వేరొక విధమైన శరణాలయము. 1972లో స్థాపింపబడిన ఈ అంతర్జాతీయ పరిశోధన సంస్థ జొన్న, సజ్జ, కంది, సెనగ, వేరుసెనగ పంటలపై కృషి చేయుచున్నది. ఎఱ్ఱ చెల్కయు, నల్లరేగడియు ఒకే ఆవరణమున నుండుట చేతనే ఈ స్థలము ఎంపికైనది. వేట లేక, ఇండ్ల ప్లాట్లు పడక అర్ధశతాబ్దము దాటినందున పొలముగట్లు, చిట్టడవి, జలాశయములు మూడును ఒక్కచోట నిలిచి, గడ్డిమైదానపు పక్షులకును నీటిపక్షులకును సమానముగా ఆశ్రయమిచ్చినవి. ముందుగా అనుమతి పొందనిదే ఇచ్చట ప్రవేశము లేదు. ఆ నిబంధనయే ఈ పక్షులను కాపాడినదని గ్రహించినచో దానిపై ఎవరికిని కోపము రాదు.

ఇక మంజీర. మహారాష్ట్రమందలి బీడు జిల్లా బాలాఘాట్ కొండలలో పుట్టి, ఆగ్నేయముగా ప్రవహించి, సంగారెడ్డి ప్రాంతమునకు వచ్చి ఉత్తరమునకు మరలి, కందకుర్తికడ గోదావరిలో కలియు నది యిది. 1960వ దశకమున జంటనగరముల త్రాగునీటికై సంగారెడ్డి సమీపమున దీనిపై ఆనకట్ట కట్టబడినది; ఎగువన దాదాపు 30 టి.ఎం.సి.ల నీటిని నిలుపగల సింగూరు జలాశయము తరువాత వెలసినది. ఆనకట్ట వెనుక నిలిచిన నీటిలో పుట్టిగడ్డ, బాపనగడ్డ, సంగమగడ్డ, కర్ణంగడ్డ మొదలైన లంకలు తేలి, తుమ్మలతోను తుంగతోను నిండి, కొంగలు గూళ్ళు కట్టుకొనుటకు అనువైనవి. మరల ఎవరును సంకల్పింపని వరము! 1978లో ప్రభుత్వము ఇచ్చటి 20 చదరపు కిలోమీటర్లను అభయారణ్యముగా ప్రకటించెను.

ఆ ప్రకటనకు ముఖ్య కారణము మొసలి. చర్మముకై సాగిన వేటవలన దేశమున మొసళ్ళు అంతరించు దశకు వచ్చినప్పుడు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము అండగా 1975లో భారత ప్రభుత్వము ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో మొసళ్ళ పునరుద్ధరణ పథకమును చేపట్టినది. మంజీరలోని మంచినీటి మొసలి ఎండాకాలము రాకముందే ఒడ్డున గుంత త్రవ్వి ముప్పది వరకు గ్రుడ్లుపెట్టి మన్నుకప్పును. రెండు నెలలు ఆ తావును విడువక కావలి కాయును. పుట్టబోవు పిల్ల ఆడదో మగదో నిర్ణయించునది ఆ గుంతలోని వెచ్చదనమే. లోపలినుండి పిల్లల కూత వినవచ్చినంతనే తల్లి మన్ను తొలగించి, ఎముకలు నలుగగొట్టగల ఆ నోటితోనే వానిని పదిలముగ కఱచుకొని నీటికి చేర్చును. ఈ నది ఒడ్డును ఇసుకకై త్రవ్వినవాడు మొసలి పురిటింటిని త్రవ్వినవాడే యగును. 2016 వేసవిలో సింగూరు అడుగంటి నగరమునకు మంజీర నీరు నిలిచిపోయినప్పుడు, మనుష్యునిదియు మొసలిదియు ఒకే దాహమని అందరికిని తెలియవచ్చెను.

ఈ కథలో చేదు భాగమును దాచుట ధర్మము కాదు. 1970వ దశకము నుండి పటాన్‌చెరు, బొల్లారము, పాశమైలారము, గడ్డపోతారములలో వెలసిన రసాయన, ఔషధ పరిశ్రమలు వేలమందికి అన్నము పెట్టినవి. వాని మురుగు నక్కవాగులోనికి, తద్ద్వారా మంజీరలోనికి చేరినది. చెరువులు రంగు మారినవి, బోర్లు పనికిరాకపోయినవి, పైరులు మాడినవి. 1990లో ఈ విషయము సర్వోన్నత న్యాయస్థానము నెక్కెను. పటాన్‌చెరు వైద్యుడు డాక్టరు అల్లాణి కిషన్‌రావు వంటివారు దశాబ్దముల పర్యంతము పట్టు విడువక పోరాడిరి. స్వీడను పరిశోధకులు 2007లో ప్రకటించిన అధ్యయనమున, ఇచ్చటి ఉమ్మడి శుద్ధికేంద్రమునుండి వెలువడు నీటిలో సిప్రోఫ్లాక్ససిన్ అను మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు కనబడినది. ఆ మందు వాడు రోగి రక్తములో నుండు మోతాదు సైతము దానికంటె తక్కువ. మందులకు లొంగని క్రిములు పుట్టుటకు ఇంతకంటె అనుకూలమైన నేల వేరొకటి యుండదు.

ఉత్తరమున ఖాజీపల్లి నుండి నర్సాపురము వరకు వ్యాపించిన టేకు, మోదుగ, తునికి, సీతాఫలముల అడవి ఈ పారిశ్రామికవాడకు మిగిలిన పచ్చని గొడుగు. 2020లో నటుడు ప్రభాస్ ఖాజీపల్లి వద్ద 1,650 ఎకరముల రిజర్వు అడవిని దత్తత తీసికొని, అందు కొంత భాగమున ఉద్యానము నిర్మించుటకు ధనమిచ్చెను. అంచున ఉద్యానమును పెంచి లోపలి అడవిని దాని మానాన విడుచు పద్ధతి మెచ్చదగినది.

పాఠకులకు విన్నపము. నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు సూర్యోదయమైన రెండు గంటల కాలము పక్షులను దర్శించుటకు ఉత్తమము. మంజీరకు పోవునప్పుడు అటవీశాఖ అనుమతి తీసికొనుడు. మైకులు, ప్లాస్టిక్కు సంచులు ఇంటివద్దనే విడువుడు. ఈ కార్తీకమున వనభోజనమునకై దూరదేశములు తిరుగక పిల్లలను అమీన్‌పూర్ కట్టమీదికి తోడ్కొని పొండు. అటుపిమ్మట మీ యూరి చెరువు శిఖము సరిహద్దు రాళ్ళు ఎచ్చట నున్నవో, ఎన్ని నిలిచినవో గ్రామ నక్షా చేతబట్టి చూడుడు; లోపించినవానిని తిరిగి పాతింపుమని మండల కార్యాలయమున అర్జీ పెట్టుడు.