పిస్టల్ తూటా మందు: ఎంపిక, రీలోడింగ్

పేలిన తూటా కేసును పారేయకుండా కొత్త ప్రైమర్ (మందును రాజేసే భాగం), మందు, బుల్లెట్‌తో మళ్లీ నింపడాన్ని రీలోడింగ్ అంటారు. ఆ పనిలో మొదటి నిర్ణయం ఏ మందు వాడాలన్నది. చిక్కుల్లో ఎక్కువ భాగం కూడా అక్కడే ఉంటుంది. అమెరికాలో, ఫిన్లాండ్‌లో ఇది బహిరంగంగా సాగే వ్యాపకం. హైదరాబాద్ షూటర్లకు మాత్రం చాలావరకు చదివి తెలుసుకునే విషయమే. ఆయుధాల చట్టం (1959) 5వ సెక్షన్ ప్రకారం తూటాల తయారీకి ప్రత్యేక లైసెన్సు ఉండాలి. ఆత్మరక్షణకో ఆటకో తుపాకి ఉంచుకోవడానికిచ్చే లైసెన్సు దానికి చెల్లదు. అయినా ఏ తూటా కొనాలి, ఎక్కడ దాచాలి, ఏ లాటును (ఒకే విడతలో తయారైన తూటాలను) నమ్మాలి అన్న ప్రశ్నలకు జవాబు మందు స్వభావంలోనే దొరుకుతుంది.

నేపథ్యం

దక్కనులో తుపాకి మందంటే చాలాకాలం సురేకారం, గంధకం, బొగ్గు కలిపిన నల్లమందే. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ కట్టించిన ఫిరంగుల కార్ఖానా, నేటి గన్‌ఫౌండ్రీ, ఆ కాలానికి చెందినదే. దాని నిర్మాణం 1786లో జరిగిందని కొందరు, 1795లో అని మరికొందరు రాశారు. రేమండ్ దళాలు బలం పుంజుకున్నది 1790లలో కాబట్టి రెండో తేదీయే సబబుగా కనిపిస్తుంది. 1798లో రేమండ్ మరణించాడు. అదే ఏడాది ఆయన దళాలను ఇంగ్లీషువారు నిరాయుధం చేశారు.

పొగలేని మందు 1884లో ఫ్రాన్సులో పాల్ వియే చేతిలో రూపుదిద్దుకుంది. నోబెల్ బాలిస్టైట్ 1887లో, ఏబెల్, డీవార్‌ల కార్డైట్ 1889లో వచ్చాయి. దక్షిణాదిన దీని తయారీకి కేంద్రం నీలగిరిలోని అరువంకాడు కార్డైట్ ఫ్యాక్టరీ. స్థాపన సంవత్సరాన్ని కొన్నిచోట్ల 1903గా, ఎక్కువచోట్ల 1904గా చెబుతారు. కూకట్‌పల్లి ఐడీఎల్ పేరును కొందరు ఈ వరుసలో చేరుస్తారు గాని అది పొరపాటు. అక్కడ తయారైనవి గనులకు, క్వారీలకు కావలసిన డిటోనేటర్లు, పేలుడు పదార్థాలు. డిటోనేటర్‌లోని పదార్థం ఒక్కసారిగా విస్ఫోటిస్తుంది. తూటా మందు అలా కాదు, పైపొర నుంచి లోపలికి మండుతూ వాయువునిస్తుంది. ఎంపిక మొత్తం ఆ మండే వేగం మీదే నడుస్తుంది.

మండే వేగం

మందులో ప్రధాన పదార్థం నైట్రోసెల్యులోజ్. అదొక్కటే ఉంటే సింగిల్ బేస్ అని, నైట్రోగ్లిజరిన్ కూడా కలిస్తే డబుల్ బేస్ అని అంటారు. రేణువు సన్నని బిళ్లగా ఉందా, గోళీలా ఉందా, గొట్టంలా ఉందా, పైన ఏ పూత ఉంది అన్నదాన్ని బట్టి వేగం మారుతుంది. 25 మీటర్ల పోటీ పిస్టల్‌కు నియమం ప్రకారం బ్యారెల్ 153 మిల్లీమీటర్లకు మించకూడదు. రైఫిల్ బ్యారెల్ అంతకు మూడు నాలుగింతలు. బుల్లెట్ పిస్టల్ బ్యారెల్ కొద్దిపాటి దూరం దాటేలోగా మందు పని ముగించాలి కనుక వేగంగా మండేదే కావాలి. రైఫిల్ మందును పిస్టల్‌లో వాడితే సగం కాలిన రేణువులు మంటతోపాటు మూతి నుంచి బయటపడతాయి, బుల్లెట్ వేగం పడిపోతుంది. పిస్టల్ మందును రైఫిల్ కొలతలో పోస్తే ప్రాణాపాయం. ఒకదానికి బదులు మరొకటి పోయడమన్నది ఈ విద్యలో లేదు.

వేగాల పట్టికలు చాలా దొరుకుతాయి. అవి వరుస క్రమాన్ని సూచిస్తాయే తప్ప కొలతలు కావు. ఒక సంస్థ పట్టికకూ మరో సంస్థ పట్టికకూ తేడాలుంటాయి. బుల్స్‌ఐ అన్న మందు లక్ష్యసాధకులకు శతాబ్దానికి పైగా పరిచయం. అది 1898లో వచ్చిందని సాధారణంగా చెబుతారు. యూనిక్ సుమారుగా ఆ కాలానిదే. ఫిన్లాండ్‌లోని విహ్టావువోరి వారి ఎన్310 కూడా బాగా వేగమైనది. హెచ్‌పీ-38, వించెస్టర్ 231 పేర్లు వేరైనా మందు ఒకటేనని తయారీదారులే ఒప్పుకున్నారు. పేరు చూసి కాకుండా, ఆ మందుకు, ఆ బుల్లెట్‌కు తయారీదారు ప్రచురించిన కొలత చూసి, కనిష్ఠం నుంచి మొదలుపెట్టాలన్నది అందరూ అంగీకరించిన పద్ధతి. కొలత ప్రమాణం గ్రెయిన్, అంటే సుమారు 64.8 మిల్లీగ్రాములు. అంత సూక్ష్మమైన తూకంలో కంటి అంచనాకు చోటు లేదు.

ఖాళీ స్థలం, ఒక వివాదం

పోటీ పిస్టళ్లలో వాడే .32 ఎస్ అండ్ డబ్ల్యు లాంగ్ 1896 నాటిది, .38 స్పెషల్ 1898 నాటిది. రెండూ నల్లమందు కాలపు కేసులే, లోపల జాగా ఎక్కువ. నేటి వేగమైన మందు అందులో కొద్ది భాగమే నిండుతుంది. దీనివల్ల రెండు ఇబ్బందులు. మొదటిది, మందు బుల్లెట్ వైపు జారిందా, ప్రైమర్ వైపు జారిందా అన్నదాన్ని బట్టి వేగం మారుతుంది. రెండోది, ఒకే కేసులో రెండుసార్లు మందు పడినా పైకి పొర్లదు, చూపు అటు పడకపోతే తెలియదు.

తక్కువ కొలత పోసిన .38 రివాల్వర్లు పగిలిపోయిన సంఘటనలు అమెరికా షూటర్ల మధ్య ఎన్నాళ్లుగానో వివాదాస్పదం. మందు మరీ తక్కువైతే జ్వాల దాని ఉపరితలమంతా ఒక్కసారిగా పాకి, మండాల్సింది విస్ఫోటంగా మారుతుందని ఒక వాదం. రెండుసార్లు మందు పడడమే కారణమని రెండో వాదం. మొదటిదాన్ని ప్రయోగశాలలో కావాలని చూపించబోయిన వారికి వేగమైన పిస్టల్ మందుతో అది నమ్మదగిన రీతిలో పునరావృతం కాలేదు. రెండోది ఎవరు చేసినా ఫలితం ఒకటే. కనుక రెండో వివరణ వైపే మొగ్గు ఉండాలి. అనుభవజ్ఞులు కేసును ఎక్కువగా నింపే ఉబ్బు మందును ఇష్టపడడానికి కారణం ఇదే. రెండోసారి పడితే అది పొర్లి కంటికి కనబడుతుంది.

ఎండ, తేమ

నైట్రోసెల్యులోజ్ మందు కాలక్రమంలో తనంతట తాను విచ్ఛిన్నమవుతుంది. అప్పుడు వెలువడే నైట్రోజన్ ఆక్సైడ్లు ఆ విచ్ఛిన్నాన్ని మరింత త్వరపరుస్తాయి. వాటిని పట్టి ఉంచేందుకు డైఫినైలమీన్ వంటి స్థిరకారి కలుపుతారు. అది ఖర్చయిపోయాక మందు పాడవడం మొదలవుతుంది. ఘాటైన పుల్లటి వాసన, డబ్బాలో ఎర్రటి ధూళి దీని గుర్తులు. వేడి పెరిగే కొద్దీ ఈ ప్రక్రియ వేగం అందుకుంటుంది. హైదరాబాద్‌లో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. తార్నాక కూడలి పక్కన ఎండలో ఆపిన కారు డిక్కీలో అంతకంటే చాలా ఎక్కువే ఉంటుంది. అక్కడ ఉంచిన తూటాల పెట్టెకు రెండు విధాలా నష్టమే: నిల్వ కాలం తగ్గుతుంది, వేడి మీద కాల్చినప్పుడు పీడనం పెరుగుతుంది. సింగిల్ బేస్ మందుకు వానకాలపు తేమ కూడా పడదు.

ఈ రసాయన శాస్త్రాన్ని చదవడానికి నగరంలో చోట్లు ఉన్నాయి. ఉస్మానియా క్యాంపస్‌కు (విశ్వవిద్యాలయ స్థాపన 1918) తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ దాదాపు ఆనుకునే ఉంది. 1944లో హైదరాబాద్ సంస్థానపు ప్రయోగశాలగా మొదలై, 1956లో సీఎస్ఐఆర్ చేతికి వచ్చి, 1989లో ఈ పేరు పొందింది. ఈ రెండిట్లోనూ తూటా మందు తయారీ జరగదు. అధికశక్తి పదార్థాల పరిశోధన ప్రత్యేకంగా సాగేది హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో, 2005లో డీఆర్‌డీఓ సహకారంతో ఎక్రెమ్ పేరిట ఏర్పడిన కేంద్రంలో.

స్థానిక ఆచరణ

ఓయూ ఎన్‌సీసీ గేటు మీదుగా వచ్చివెళ్లే క్యాడెట్లు కాల్చేది .22 రైఫిల్. కొత్తగా పిస్టల్ నేర్చుకునేవారు మొదట పట్టేది ఎయిర్ పిస్టల్, దానికి మందే లేదు. 25 మీటర్ల మహిళల పోటీలో, అంటే హైదరాబాద్ షూటర్ ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వ్యక్తిగత రజతం గెలిచి, 2024లో పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లిన విభాగంలో, .22 లాంగ్ రైఫిల్ తూటా వాడతారు. దాని ప్రైమర్ పదార్థం కేసు అంచు మడతలో ఉంటుంది; సుత్తి దెబ్బకు ఆ అంచు నలిగిపోతుంది కనుక రీలోడింగ్‌కు పనికిరాదు. అందువల్ల మంచి షూటర్లు మందును కాక లాటును ఎంచుకుంటారు. పలు లాట్ల తూటాలను తమ బ్యారెల్‌లో కాల్చి, గుండ్లు దగ్గరగా పడిన లాటును పెట్టెలకొద్దీ తీసుకుంటారు.

మందు ఎంపిక ప్రశ్న నేరుగా ఎదురయ్యేది ప్రైమర్ కేసు అడుగు మధ్యలో ఉండే సెంటర్‌ఫైర్ విభాగంలో. అక్కడ అనుమతించే వ్యాసం 7.62 నుంచి 9.65 మిల్లీమీటర్లు; చదునైన మొన ఉన్న .32 వాడ్‌కటర్‌దే పైచేయి. 9 మిల్లీమీటర్ల తూటా భారతదేశంలో సాధారణ పౌరులకు నిషిద్ధ బోరు. ఈ విభాగం ఒలింపిక్స్‌లో లేదు, ఆసియా క్రీడల్లో ఉండేది. జస్పాల్ రాణా 1994లో హిరోషిమాలో, 2006లో దోహాలో స్వర్ణాలు గెలిచింది ఇందులోనే.