దీర్ఘకాలిక నడుము నొప్పికి కృత్రిమ డిస్క్ మార్పిడి శస్త్రచికిత్స: నాలుగు దశాబ్దాల అనుభవం

ప్రపంచవ్యాప్తంగా మనుషులను దీర్ఘకాలం అశక్తులుగా చేస్తున్న కారణాలలో నడుము నొప్పిది మొదటి స్థానం. 2020లో 61.9 కోట్ల మంది ఈ బాధకు గురైనట్లు అంతర్జాతీయ వ్యాధిభార అధ్యయనం అంచనా వేసినది. 2050 నాటికి ఈ సంఖ్య 84.3 కోట్లకు చేరగలదని అదే అధ్యయనం పేర్కొన్నది. నొప్పి వచ్చిన వారిలో అత్యధికులకు కొద్ది వారాలలో ఉపశమనం లభిస్తుంది. మూడు నెలలు దాటినా తగ్గని నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పిగా పరిగణిస్తారు. ఇట్టి వారిలో కొద్దిమంది విషయంలో మాత్రమే శస్త్రచికిత్స ప్రసక్తి వస్తుంది.

అరిగిపోయిన డిస్క్‌ను తొలగించి, దాని స్థానంలో లోహంతోను, ప్లాస్టిక్‌తోను తయారుచేసిన కృత్రిమ డిస్క్‌ను అమర్చడం ఈ శస్త్రచికిత్సలలో ఒకటి. మోకాలి కీలు, తుంటి కీలు మార్పిడి వలె ఇది కూడా సులభంగా అర్థమయ్యే ఆలోచన. అందువలననే దీనిపై ఆశలు, ప్రచారం రెండూ అధికముగా ఉన్నవి. అయితే వెన్నెముక నిర్మాణం మోకాలి నిర్మాణం వంటిది కాదు. ఈ చికిత్స చరిత్రను, ఫలితాలను, పరిమితులను పత్రికా ప్రతినిధుల, ఆరోగ్య పథకాల అమలు అధికారుల పరిశీలనార్థం ఇచ్చట పొందుపరచడమైనది.

డిస్క్ నిర్మాణం, అరుగుదల

మానవుని వెన్నెముకలో పూసల మధ్య 23 డిస్క్‌లు ఉంటాయి. ప్రతి డిస్క్‌కు మధ్యభాగంలో నీటిశాతం అధికముగా గల మెత్తని గుజ్జు, దాని చుట్టూ పొరలు పొరలుగా అల్లుకొనిన దృఢమైన నారవలయం ఉంటాయి. శరీర బరువును భరిస్తూనే వంగుటకు, తిరుగుటకు ఇవి వీలు కల్పిస్తాయి. నడుము భాగంలోని ఐదు పూసలలో నాలుగవ, ఐదవ పూసల మధ్యనున్న డిస్క్, ఐదవ పూసకు త్రికాస్థికి మధ్యనున్న డిస్క్ ఎక్కువగా దెబ్బతింటాయి.

పెద్దలలో డిస్క్ లోపలి భాగానికి నేరుగా రక్తప్రసరణ ఉండదు. పోషకాలు పూసల అంచుల నుంచి మెల్లగా లోనికి ఇంకవలసి ఉంటుంది. కావున వయసుతో పాటు డిస్క్ నీటిని కోల్పోయి, ఎత్తు తగ్గి, పగుళ్లు బారుతుంది. ఈ అరుగుదల తలనెరుపు వలె వయోధర్మమే గాని, ప్రతిసారీ వ్యాధి కాదు. నొప్పి ఏమాత్రం లేని వ్యక్తుల స్కానింగ్ చిత్రాలపై జరిగిన అధ్యయనాలను క్రోడీకరించి 2015లో వెలువరించిన సమీక్ష ప్రకారం, ఇరవై ఏళ్ల వారిలో 37 శాతం మందికి, ఎనభై ఏళ్ల వారిలో 96 శాతం మందికి డిస్క్ అరుగుదల కనిపించినది. ఎం.ఆర్.ఐ.లో డిస్క్ నల్లగా కనిపించినంత మాత్రాన నొప్పికి అదే కారణమని నిర్ధారించుటకు వీలులేదు. డిస్క్ మార్పిడి శస్త్రచికిత్సకు సంబంధించిన చిక్కులలో ఇదే ప్రధానమైనది.

ఉక్కు గోళీల నుంచి కృత్రిమ డిస్క్ వరకు

కృత్రిమ డిస్క్ ప్రయత్నాలకు ఆద్యుడు స్వీడన్‌కు చెందిన శస్త్రవైద్యుడు ఉల్ఫ్ ఫెర్న్‌స్ట్రోమ్. ఆయన డిస్క్ స్థానంలో ఉక్కు గోళీలను అమర్చి, ఫలితాలను 1966లో ప్రకటించారు. కాలక్రమంలో గోళీలు పూసల ఎముకలోనికి కూరుకొని పోవడంతో ఆ పద్ధతి మరుగున పడినది.

ఆధునిక కృత్రిమ డిస్క్‌కు రూపకల్పన తూర్పు బెర్లిన్‌లోని శారితే ఆసుపత్రిలో జరిగినది. కుర్ట్ షెల్నాక్, కరీన్ బ్యూట్నర్-యాంజ్ అను ఇరువురు వైద్యులు 1980వ దశకం ఆరంభంలో దీనిని రూపొందించారు. 1984లో తొలిసారిగా రోగికి అమర్చారు. బ్యూట్నర్-యాంజ్ 1972 మ్యూనిక్ ఒలింపిక్ క్రీడలలో జిమ్నాస్టిక్స్‌లో రెండు స్వర్ణ పతకాలు సాధించిన క్రీడాకారిణి కావడం విశేషం. రెండు లోహపు పలకలు, వాటి మధ్య కదిలే పాలిథిలీన్ బిళ్ల ఈ డిస్క్ నిర్మాణం. తొలి నమూనాలలోని లోపాలను సరిదిద్ది 1987లో మూడవ నమూనాను ప్రవేశపెట్టారు. ఫ్రాన్స్‌లో థియెరీ మార్నే రూపొందించిన ప్రోడిస్క్‌ను 1990లో తొలిసారి అమర్చారు.

అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2004 అక్టోబరులో శారితే డిస్క్‌కు, 2006 ఆగస్టులో ప్రోడిస్క్‌-ఎల్‌కు, 2015 జూన్‌లో యాక్టివ్-ఎల్ డిస్క్‌కు ఆమోదం తెలిపినది. వీటిలో మొదటిదైన శారితే డిస్క్ నేడు అమెరికా మార్కెట్‌లో లేదు.

శస్త్రచికిత్స విధానం

సాధారణ వెన్నెముక శస్త్రచికిత్సలలో వీపు వైపు నుంచి కోత పెడతారు. కృత్రిమ డిస్క్‌ను మాత్రం ఉదరం వైపు నుంచి అమర్చుతారు. పూర్తి మత్తు ఇచ్చి, పొత్తికడుపు మీదుగా కోత పెట్టి, పేగులను వాటి పొరతో సహా పక్కకు జరుపుతారు. కాళ్లకు రక్తాన్ని చేరవేసే ప్రధాన ధమనులను, సిరలను జాగ్రత్తగా తప్పించి డిస్క్‌ను చేరుకుంటారు. ఈ కారణంగా వెన్నెముక వైద్యునితో పాటు రక్తనాళాల లేదా ఉదర శస్త్రచికిత్సలో అనుభవజ్ఞుడైన మరొక వైద్యుడు పాల్గొనడం సాధారణం. పాడైన డిస్క్‌ను పూర్తిగా తొలగించి, పూసల అంచులను సరిచేసి, ఎక్స్-రే తెరపై చూస్తూ కృత్రిమ డిస్క్‌ను సరిగా మధ్యభాగంలో నిలుపుతారు.

దీనికి ప్రత్యామ్నాయమైన పాత పద్ధతి పూసలను కలిపివేయుట. ఇందులో రెండు పూసలు ఒకే ఎముకగా అతుకుకొని ఆ భాగంలో కదలిక ఆగిపోతుంది. ఆ భారం పై, క్రింది డిస్క్‌లపై పడి అవి త్వరగా అరుగుతాయన్నది వైద్యుల ఆందోళన. కదలికను నిలిపి ఉంచి ఈ నష్టాన్ని నివారించాలన్నదే కృత్రిమ డిస్క్ వెనుకనున్న ప్రధాన ఉద్దేశం.

పరీక్షలలో తేలిన ఫలితాలు

శారితే డిస్క్‌పై అమెరికాలోని 14 కేంద్రాలలో 304 మంది రోగులతో పోలిక పరీక్ష నిర్వహింపబడినది. రెండేళ్ల తరువాత పూసలను కలిపే శస్త్రచికిత్స కంటే ఇది తీసిపోదని తేలినది. అయితే పోలికకు తీసుకొనిన లోహపు పంజరం పద్ధతి అప్పటికే వైద్యుల ఆదరణ కోల్పోతున్నదని, తీసిపోదని తేలడం మెరుగైనదని తేలడం కాదని విమర్శకులు ఎత్తిచూపారు.

స్వీడన్‌లో 152 మందితో జరిగిన పరీక్షలో ఐదేళ్ల తరువాత పూర్తిగా నొప్పి లేని వారు కృత్రిమ డిస్క్ వర్గంలో 38 శాతం, పూసలు కలిపిన వర్గంలో 15 శాతం ఉన్నారు. ఈ పరీక్ష కృత్రిమ డిస్క్‌కు అనుకూలమైనది. అయినప్పటికీ, మంచి ఫలితాలు వచ్చిన ఈ పరీక్షలో సైతం ప్రతి ఐదుగురిలో ముగ్గురికి ఎంతో కొంత నొప్పి మిగిలియున్నదని గమనించవలసి యున్నది.

నార్వేలో జరిగి 2011లో వెలువడిన పరీక్ష మరొక మౌలికమైన ప్రశ్నను ముందుంచినది. 173 మంది రోగులను రెండుగా విభజించి, ఒక వర్గానికి కృత్రిమ డిస్క్ అమర్చారు. మరొక వర్గానికి వ్యాయామం, శరీర కదలికలపై శిక్షణ, మానసిక స్థైర్యం కలిగించే సలహాలతో కూడిన పునరావాస చికిత్స ఇచ్చారు. రెండు వర్గాలలోను బాధ గణనీయంగా తగ్గినది. వంద పాయింట్ల అశక్తత కొలమానంపై శస్త్రచికిత్స వర్గం 8.4 పాయింట్లు అధికంగా మెరుగుపడినది. కాని రోగి జీవితంలో స్పష్టమైన తేడాగా పరిగణించుటకు 10 పాయింట్లు ఉండాలని పరిశోధకులు ముందుగానే నిర్ణయించుకొని యున్నారు. శస్త్రచికిత్స వర్గంలోని ఒక రోగికి రక్తనాళ గాయం కారణంగా మోకాలి దిగువ కాలిని తొలగించవలసి వచ్చినది.

ఏడు పరీక్షలను క్రోడీకరించి 2012లో వెలువడిన కొక్రేన్ సమీక్ష, పాత పద్ధతితో పోల్చినపుడు కృత్రిమ డిస్క్‌కు గల ఆధిక్యం రోగికి అర్థవంతమైన స్థాయిలో లేదని తేల్చినది. పక్క డిస్క్‌లు కాపాడబడతాయన్న వాదనకు తగిన ఆధారాలు లభించలేదని, ఈ చికిత్సను విస్తృతంగా చేపట్టుటలో సంయమనం అవసరమని సూచించినది.

మారిన ప్రభుత్వ విధానాలు

బ్రిటన్‌లోని జాతీయ ఆరోగ్య ప్రమాణాల సంస్థ నైస్, ఈ శస్త్రచికిత్సకు తగిన ఆధారాలు ఉన్నవని 2009 జూలైలో అభిప్రాయపడినది. 2016 నవంబరులో వెలువరించిన మార్గదర్శకాలలో మాత్రం నడుము నొప్పికి డిస్క్ మార్పిడి చేయరాదని స్పష్టం చేసినది. పూసలను కలిపే శస్త్రచికిత్సను కూడా పరిశోధన పరీక్షలకే పరిమితం చేయాలని పేర్కొన్నది. అమెరికా ప్రభుత్వ మెడికేర్ పథకం 60 ఏళ్లు దాటిన వారికి ఈ చికిత్స వ్యయాన్ని జాతీయ స్థాయిలో చెల్లించరాదని 2007 ఆగస్టులో నిర్ణయించినది. అమెరికాలో ఎంపిక చేసిన రోగులకు ఈ శస్త్రచికిత్స కొనసాగుతున్నది. ప్రోడిస్క్‌-ఎల్‌ను పక్కపక్కనున్న రెండు డిస్క్‌ల స్థానంలో వాడుటకు 2020లో అనుమతి లభించినది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరు 7న దీర్ఘకాలిక నడుము నొప్పిపై శస్త్రచికిత్సేతర మార్గదర్శకాలను తొలిసారిగా విడుదల చేసినది. వ్యాయామం, రోగికి అవగాహన కల్పించుట, మానసిక చికిత్స, అవసరమైనపుడు వాపు తగ్గించే మందులు ఇందులో సూచింపబడినవి. మన ప్రాంతంలో విరివిగా వాడుకలో ఉన్న నడుము బెల్టులు, బరువులు కట్టి లాగే ట్రాక్షన్ పద్ధతి సిఫారసు చేయబడలేదు.

ఎవరికి తగును, ఎవరికి తగదు

అమెరికాలో ఇచ్చిన ఆమోదాల ప్రకారం ఎముకల ఎదుగుదల పూర్తియైనవారై, నొప్పి డిస్క్ నుంచే వస్తున్నదని నిర్ధారణ జరిగి, కనీసం ఆరు నెలలు ఇతర చికిత్సలు చేసినా ఫలితం లేనివారికే ఈ శస్త్రచికిత్సను పరిశీలించవలెను. ఎముకల గుల్లతనం, శరీరంలో క్రియాశీలమైన ఇన్ఫెక్షన్, డిస్క్‌లోని లోహాలు పడకపోవుట, వెన్నుపాము మార్గం ఎముకతో ఇరుకు కావుట వంటి స్థితులు గలవారికి ఇది తగదు. డిస్క్ జారి నరం నొక్కుకొని కాలిలోకి పాకే నొప్పికి, అనగా సయాటికాకు, ఇది చికిత్స కాదు. ఆ సమస్య అధికులకు శస్త్రచికిత్స లేకుండానే తగ్గుతుంది. తగ్గని వారికి జారిన ముక్కను మాత్రమే తొలగించే చిన్న శస్త్రచికిత్స వేరుగా కలదు.

మన ప్రాంతానికి సంబంధించి మరి రెండు విషయాలు గమనించవలసి యున్నవి. ప్రపంచ క్షయ రోగులలో సుమారు నాలుగో వంతు భారతదేశంలోనే ఉన్నారు. వెన్నెముకకు సోకే క్షయ తొలిదశలో సాధారణ నడుము నొప్పిగానే కనిపించగలదు. ఫ్లోరోసిస్ రెండవది. దేశంలో ఈ వ్యాధిని 1937లో నాటి నెల్లూరు జిల్లాలో తొలిసారి గుర్తించారు. నల్లగొండ జిల్లా ఈ బాధను దశాబ్దాల పాటు అనుభవించినది. నీటిలోని ఫ్లోరైడ్ వలన వెన్నెముక బిగుసుకొని వచ్చే నొప్పికి, క్షయ వలన వచ్చే నొప్పికి డిస్క్ మార్పిడితో నిమిత్తం లేదు.

జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గుట, గతంలో క్యాన్సర్, కాళ్లలో బలహీనత, మల మూత్ర విసర్జనపై అదుపు తప్పుట, తొడల మధ్య స్పర్శ కోల్పోవుట వంటి లక్షణాలు నడుము నొప్పికి తోడైనపుడు జాప్యం చేయక ఆసుపత్రికి వెళ్లవలెను.

ప్రమాదాలు

పెద్ద రక్తనాళాలకు గాయం, రక్తం గడ్డకట్టుట, ఇన్ఫెక్షన్, డిస్క్ జరుగుట లేదా ఎముకలో కూరుకొనుట, పాలిథిలీన్ అరుగుట ప్రధానమైన ప్రమాదాలు. పురుషులలో నరాలు దెబ్బతిని వీర్యం వెనుకకు ప్రవహించుట వలన సంతానప్రాప్తికి ఆటంకం కలుగవచ్చును. మోకాలి కీలు వలె దీనిని సులభంగా మార్చుటకు వీలుండదు. మొదటి శస్త్రచికిత్స అనంతరం రక్తనాళాలు మచ్చకణజాలంతో అతుకుకొనియుండుట వలన రెండవసారి అదే మార్గంలో వెళ్లుట మరింత ప్రమాదకరం. నలభై ఏళ్ల వయసులో అమర్చిన డిస్క్ మరి మూడు, నాలుగు దశాబ్దాలు పనిచేయవలసి యుంటుందని రోగికి ముందుగానే తెలియజేయుట వైద్యుని బాధ్యత.

మనదేశంలో నియంత్రణ

ఎముకల శస్త్రచికిత్సలో అమర్చే పరికరాలను కేంద్ర ప్రభుత్వం 2005 అక్టోబరులో ఔషధ నియంత్రణ చట్టం పరిధిలోనికి తెచ్చినది. 2017 నాటి వైద్య పరికరాల నియమావళి 2018 జనవరి 1 నుంచి అమలులోనికి వచ్చినది. పరికరాల వలన కలిగే హానిని నమోదు చేయుటకు మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం 2015 జూలైలో ప్రారంభింపబడినది. అమర్చిన పరికరం పేరు, నమూనా, బ్యాచ్ సంఖ్య గల పత్రాన్ని రోగి భద్రపరచుకొనవలెను. ఆ వివరాలు లేనిచో ఆ పరికరంలో లోపం తరువాత బయటపడినను రోగిని గుర్తించుట కష్టం.

పరిశీలించవలసిన అంశాలు

ఈ చికిత్సపై వార్తలు వ్రాయునపుడు, వ్యయ చెల్లింపు ప్రతిపాదనలు పరిశీలించునపుడు ఈ క్రింది ప్రశ్నలు ఉపకరించగలవు.

1. నొప్పికి డిస్క్ మాత్రమే కారణమని ఏ విధంగా నిర్ధారించారు? స్కానింగ్ చిత్రం ఒక్కటే ఆధారమా?

2. క్రమబద్ధమైన వ్యాయామ, పునరావాస చికిత్స కనీసం ఆరు నెలలు జరిగినదా?

3. ఫలితాలను దేనితో పోల్చి చెప్పుచున్నారు? ఎన్ని సంవత్సరాల తరువాతి ఫలితాలవి?

4. అమర్చనున్న పరికరానికి దేశంలో అనుమతి కలదా? రక్తనాళాల వైద్యుడు అందుబాటులో ఉన్నారా?

5. శస్త్రచికిత్స విఫలమైనచో చేయగలిగినదేమిటో రోగికి, కుటుంబానికి వారి భాషలో వివరించి సమ్మతి పొందారా?

కృత్రిమ డిస్క్ వలన మేలు పొందినవారు ఉన్నారన్నది వాస్తవం. క్రమబద్ధమైన పునరావాసంతో దాదాపు అంతటి మేలు పొందినవారు ఉన్నారన్నదీ వాస్తవమే. మొదటిది వెనుకకు తీసుకొనలేని నిర్ణయం. రెండవది ఫలించనిచో మొదటిదానికి దారి తెరచియే ఉంటుంది. ఈ క్రమాన్ని పాటించిన పిదప మాత్రమే శస్త్రచికిత్స నిర్ణయం తీసుకొనుట రోగికి, ప్రజాధనానికి శ్రేయస్కరం.